కదలని కారులో ఇరవై ఏళ్లు

ఈ ఉదయం రెడ్డిగూడెం మామిడితోటల ఆసామి ఫోన్ చేసి, సాయంత్రం మా కారు చూడటానికి వస్తానన్నాడు. నచ్చితే తీసుకుపోతాడు. వాకిట్లోకి వెళ్లి స్టార్టు చేసి తిప్పబోతే, స్టీరింగు బిగుసుకుపోయి మూలుగుతోంది. మా వారు పోయిన ఈ ఆరు నెలల్లో మా తమ్ముడు వారానికోసారి ఇంజను ఆడించి పోతున్నాడే గాని, బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. బండిని సరిగా చూసుకోలేదన్న మాట ఆయన మీద పడితే నేను తట్టుకోలేను. మెకానిక్కుకు కబురు పెడితే ఎల్లుండిగాని కుదరదన్నాడు.

మా వారు తిరువూరులో టాక్సీ నడిపేవారు. నెమలి ఊళ్లో గుడికి వెళ్లే కుటుంబాలు, ఆసుపత్రులకు పోయే గంపలగూడెం రైతులు, పెళ్లి కిరాయిలు, వీటితోనే రోజులు గడిచిపోయేవి. ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నా నోరు విప్పేది అంతకన్నా తక్కువ. శుక్రవారం మాత్రం జుమ్మా నమాజు చదివొచ్చి, అన్నం తిని, బానెట్ ఎత్తేవారు. పాత బండి కదా, గొట్టం దగ్గర పవర్ స్టీరింగ్ ఆయిలు కారేది. కొత్త ఆయిలు పోశాక, లోపల చేరిన గాలి పోయేదాకా ఒకరు స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా తిప్పాలి, ఒకరు బానెట్ కింద ఆయిలు డబ్బాలో నురగ తగ్గిందో లేదో చూడాలి. ఆ తిప్పే మనిషిని నేను. డ్రైవింగు రాని నేను ఇరవై ఏళ్లు డ్రైవరు సీట్లో కూర్చున్నానంటే మీకు నవ్వు రావచ్చు. బానెట్ అడ్డం కాబట్టి ఆయన మొహం కనిపించేది కాదు, మాట వినిపించేది. అందుకేనేమో, ఎన్నడూ చెప్పని సంగతులన్నీ అప్పుడే చెప్పేవారు.

చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుంటే పంపు మీద భారం పడుతుంది. "చాల్లే, పట్టుకోమాక" అని ప్రతిసారీ హెచ్చరించేవారు. ఒక శుక్రవారం, తొలి కాన్పుకు నన్ను పుట్టింట్లో దింపి వస్తూ దారంతా తాను ఏడ్చానని ఉన్నట్టుండి చెప్పారు. అది వింటూ నా చేతులు ఎక్కడున్నాయో మరిచిపోయాను. గొట్టం పగిలి, నమాజుకు కట్టిన తెల్లబట్టల నిండా ఆయిలు చిమ్మింది, మర్నాటి పెళ్లి కిరాయి పోయింది. పెళ్లివారికి మాత్రం గొట్టం పాతదైపోయిందని చెప్పారు. నా పేరెత్తలేదు.

ఇవాళ ఆయిలు నేనే పోశాను. సీట్లో కూర్చుని తిప్పడం, దిగి డబ్బాలో చూడటం, మళ్లీ ఎక్కడం. మోకాళ్లు పట్టేశాయి. ఎన్నోసారో, స్టీరింగు చివరిదాకా తిప్పి, ఆయన చాలనే దాకా ఆగబోయి, గుర్తొచ్చి గబుక్కున వదిలేశాను. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. నురగ పోయేసరికి మధ్యాహ్నం దాటింది.

సాయంత్రం ఆసామి వచ్చి, స్టీరింగు ఒంటిచేత్తో తిప్పి చూసి, "ఎవరు చూసుకున్నారమ్మా, ఇంత బాగా?" అన్నాడు.

"మా వారండి," అన్నాను.

బేరం కుదిరి మా బండి ఎక్కుతూ, ఇప్పటి కార్ల స్టీరింగుకు చిన్న మోటారే ఉంటుందని, ఆయిలు పోసే బెడద లేదని, రెండో మనిషి అవసరమే లేదని చెప్పి వెళ్లాడు. మంచిదే, ఒళ్లలుపు తగ్గింది. కాని ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పుకోవడం చేతకాని మాలాంటి మొగుడూపెళ్లాలు ఇక ఏ వంకతో మాట్లాడుకుంటారో నాకు తెలియడం లేదు.