అయ్యగారిని రొయ్యల చెరువుకి పంపిన వెబ్‌సైట్

మా సునీత అక్క పెళ్లి గుడివాడ చర్చిలో జరగాల్సింది, కాస్తలో తప్పింది గానీ కృత్తివెన్ను రొయ్యల చెరువు గట్టు మీద జరిగిపోయేదే. ఆ ఘనత పూర్తిగా నాది. ఇప్పుడు చెప్పి మిమ్మల్ని నవ్విస్తున్నాను గానీ, ఆ పూట నా మొహం చూస్తే మీరు నవ్వేవారు కాదు, మంచినీళ్లు తెచ్చిచ్చేవారు.

అప్పుడు నేను బందరులో డిజైన్ కోర్సు రెండో ఏడు చదువుతున్నాను. వెబ్‌సైట్లు, యాప్‌లు వాడేవాళ్లకి సులువుగా ఉండేలా ఎలా తయారు చెయ్యాలో నేర్పే చదువు అది. రెండో ఏడంటే మీకు తెలియనిదేముంది, మొదటి ఏడు ఉన్న భయం పోయి, మూడో ఏడు రావాల్సిన బుద్ధి ఇంకా రాని కాలం. ఇంట్లో గ్యాస్ పొయ్యి చూసినా, వాడేవాళ్ల గురించి ఆలోచించకుండా ఇలా ఎవరు చేశారని అమ్మని నిలదీసేదాన్ని. ఏటీఎం దగ్గర నా వెనక నిలబడ్డవాళ్లకి ఆ తెరలో ఉన్న లోపాలన్నీ విడమరిచి చెప్పేదాన్ని. పాపం, డబ్బుల కోసం వచ్చినవాళ్లు గనక కదలకుండా వినేవాళ్లు.

అలాంటి రోజుల్లో గుడివాడ నుంచి పెదనాన్న ఫోన్ చేశారు. శుభలేఖలు దగ్గరవాళ్లకే ఇస్తున్నామని, మిగతావాళ్లకి వాట్సాప్‌లో పంపడానికి అక్క పెళ్లి వెబ్‌సైట్ ఒకటి చేసిపెట్టమని అడిగారు. కావలసిన వివరాలన్నీ ఆయనే టైపు చేసి పంపారు. చర్చి పేరు, వీధి పేరు, ఏ సందులో తిరగాలి, తిరిగాక ఏ మందుల షాపు కనబడుతుంది, కనబడకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ ఉన్నాయి.

నేను వాటిని చదవలేదు. టైలరు గుడ్డని చూసినట్టు, ఎక్కడ కత్తిరించాలా అని చూశాను. అనవసరమైనదేదీ పేజీలో ఉంచకూడదని మాకు క్లాసులో నేర్పారు. ఏది అనవసరమో కూడా నేర్పారట గానీ, ఆ రోజు నేను క్లాసుకి వెళ్లలేదు.

నా కత్తెర ఆగేసరికి మీగడ రంగు పేజీలో అక్క పేరు, బావ పేరు, తేదీ, టైము, కింద ఒకే ఒక్క ఆకుపచ్చ బటన్ మిగిలాయి. దాని మీద ‘దారి చూపించు’ అని రాసి ఉంది. పెదనాన్న దాన్ని చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి ఫోన్ చేశారు.

“చర్చి అడ్రస్ ఏదమ్మా స్వీటీ?”

“ఆ బటన్ నొక్కితే మ్యాప్‌లో దారి వచ్చేస్తుంది పెదనాన్నా.”

“మాటల్లో కూడా రాస్తే పోయేదేముంది?”

“అందం పోతుంది.”

చదువుకునే పిల్ల చెబుతోంది కదా అని ఆయన ఊరుకున్నారు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

ఇక నా తప్పుల సంగతికి వద్దాం. ఆ పేజీకి ఆఖరి మెరుగులు నేను కృత్తివెన్నులో, నా స్నేహితురాలు రవళి వాళ్లింట్లో దిద్దాను. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా లేక, ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ల రొయ్యల చెరువు గట్టు మీద కూర్చున్నాం. బటన్ పనిచేస్తుందో లేదో చూడాలి కదా. అందుకని తాత్కాలికంగా మేము కూర్చున్న చోటునే మ్యాప్‌లో గురుతు పెట్టాను. రవళి తన ఫోన్‌లో బటన్ నొక్కితే, మ్యాప్ సరిగ్గా మా కాళ్ల దగ్గరికే దారి చూపించింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. ఇంతలో వాళ్లమ్మ అన్నానికి పిలిచింది. రొయ్యల వేపుడు వడ్డించాక గుడివాడ చర్చి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. సాయంత్రం బందరు బస్సెక్కి, సీటు దొరకగానే లింక్ పెదనాన్నకి పంపేశాను.

నిజానికి ప్రమాదమేమీ జరిగేది కాదు. మా చుట్టాలందరికీ ఆ చర్చి తెలుసు. అవనిగడ్డ పెళ్లికొడుకు వాళ్లు నిశ్చితార్థానికి అక్కడికే వచ్చి వెళ్లారు. కాబట్టి నా బటన్‌ని నొక్కినవాడు లేడు. కానీ పెళ్లి జరిపించాల్సిన అవనిగడ్డ పాస్టరుగారికి జ్వరం వచ్చింది. ఆయన బదులు నాగాయలంక చర్చి అయ్యగారు ఒప్పుకున్నారు. ఆయన కడప వైపు నుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చారు, మన దారులు తెలియవు. పెళ్లికొడుకు నాన్నగారు ఆయనకి నా లింక్ పంపి, దీన్లో అంతా ఉందండీ అన్నారట.

పెళ్లి టైముకి చర్చి నిండిపోయింది. పాటలవాళ్లు నేర్చుకున్న పాటలన్నీ పాడి, మళ్లీ మొదటినుంచీ అందుకున్నారు. అయ్యగారు మాత్రం రాలేదు. ఫోన్ కలిసేసరికి పెదనాన్న చెమటలు తుడుచుకుంటూ, దారుల సంగతి నీకే తెలుసు నువ్వు మాట్లాడమ్మా అని ఫోన్ నా చేతికిచ్చారు.

“వచ్చేసి చాలాసేపైందమ్మా,” అన్నారు అయ్యగారు ప్రశాంతంగా. “మీవాళ్లే ఎవరూ రాలేదు.”

“ఎక్కడున్నారండీ?”

“ఇక్కడే, నీళ్ల పక్కన. చక్రాలు తిరుగుతున్నాయి, నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. ఈకాలం పిల్లలు కదా, చర్చిలో కాకుండా బయట పెట్టుకున్నారేమో అనుకున్నాం. అలంకరణ బాగుందమ్మా.”

రొయ్యలకి గాలి కోసం చెరువులో తిప్పే చక్రాలని పెళ్లి అలంకరణ అనుకున్న మనిషితో ఏం మాట్లాడతాం.

అక్కడ జరిగింది రవళి వాళ్ల నాన్న సత్యం బాబాయి తర్వాత చెప్పాడు. భార్యతో కలిసి కారులోంచి తెల్లబట్టల్లో దిగిన అయ్యగారిని చూసి, చెరువు తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని, మంచం వాల్చి కొబ్బరిబోండాలు కొట్టించాడట. అంతా సిద్ధమేనా అని అయ్యగారు అడిగితే, ఇంకా చిన్నవండీ, కొన్నాళ్లు ఆగాలి అన్నాడట. పిల్లలిద్దరికీ పెళ్లీడు వచ్చిందనే చెప్పారే అని అయ్యగారు, ఆయన భార్య మొహాలు చూసుకున్నారట.

నేను బాబాయికి ఫోన్ చేసి, ఏడుపు ఆపుకుంటూ సంగతి చెప్పాను. ఆయన ఇంకో మాట అడగకుండా వాళ్ల కారే ఎక్కి, బంటుమిల్లి మీదుగా దారి చూపిస్తూ బయల్దేరాడు. ఇక్కడ పెదనాన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముస్తాబై కూర్చున్న అక్కకి చెప్పడానికి వెళ్తే, విని కాటుక చెదిరేలా నవ్వింది.

“రొయ్యల్ని కూడా పిలిచావటే నా పెళ్లికి,” అంది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

అయ్యగారు వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. మగపెళ్లివాళ్లు నా వైపే వస్తుంటే స్తంభం చాటుకి వెళ్లాను. ఈయన ప్రసంగం మొదలుపెడితే మధ్యాహ్నం బిర్యానీ రాత్రికి తినాల్సిందేనని వాళ్లలో వాళ్లు అనుకోవడం వినబడింది. అయ్యగారు లేచారు, బైబిలు తెరిచారు, ఆకలిగా ఉన్న జనం వైపు చూశారు. కొబ్బరినీళ్ల మీద అంత దూరం వచ్చిన ఆయనకీ ఆకలి తెలుసు.

“ఒకరినొకరు ప్రేమించుకోండి. మిగతాది మీకే తెలుస్తుంది. తాళి తీసుకురండి,” అన్నారు.

చర్చి అంతా ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు నేను విన్నాను. బిర్యానీ వేడిగానే ఉంది. సత్యం బాబాయి మొదటి బంతిలోనే అయ్యగారి పక్కన కూర్చుని తిన్నాడు. చేతులు కడుక్కుని పెళ్లికొడుకు నాన్నగారు తిన్నగా నా దగ్గరికే వచ్చారు. దాక్కోవడానికి స్తంభం కూడా లేదు.

“మా చిన్నవాడి పెళ్లికి కూడా నువ్వే చెయ్యాలమ్మా వెబ్‌సైట్,” అన్నారాయన గొంతు తగ్గించి. “అయ్యగారు ఆయనే వస్తారు. ఆ చెరువుని మాత్రం మార్చకు.”

అయినా సరే, నా ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసి, పాఠకులైన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను చేసే ఏ పేజీలోనైనా ఊరి పేరు, వీధి పేరు, మందుల షాపు పేరు, కనబడకపోతే ఫోన్ చెయ్యాల్సిన నంబరు, బామ్మలు కళ్లజోడు లేకుండా చదివేంత పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వాటన్నిటి తర్వాత ఇంకా చోటు మిగిలితే, అప్పుడు అందం సంగతి చూద్దాం.