టాంటా పిల్ల, ఇంటి పాము

మా ఎదురింటి బహీగా తన కొడుకు షౌకీకి టాంటా పట్నం నుంచి పిల్లను తెచ్చుకుంది. పేరు తహానీ. పిల్ల బంగారమే గానీ పాములంటే చచ్చేంత భయం. వచ్చి పడిందేమో రిఫాయీల ఇంట్లో! తరతరాలుగా పాములు పట్టి బతికేవాళ్ళు. షౌకీ ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో ఉన్నవాటిని చూసుకోవాల్సింది ఆడవాళ్ళే.

పెళ్ళయిన నెలకే తహానీ వాళ్ళన్నకు ఫోన్ చేసి ఏడ్చింది. "శుక్రవారం వస్తా, సామాను సర్దుకో" అన్నాడట. నాకెలా తెలుసంటారా? జల్లెడ అడగడానికి వెళ్ళాను. మా ఇంట్లో రెండు జల్లెడలున్నాయి, అది వేరే మాట.

బహీగా కోడల్ని ఒక్క మాట అనలేదు. "వెళ్ళేదాకా నా పక్కన కూర్చో, చాలు" అంది. పెంపుడు పాము హానిమ్‌ను ఒళ్ళో వేసుకుని పప్పు ఏరుకునేది. నా ఎత్తంత పొడవుంటుంది, విషం లేదు. నేనూ రోజూ వెళ్ళి గుమ్మంలో కూర్చునేదాన్ని, కాళ్ళు మాత్రం వీధిలోకి పెట్టి.

"జిగటగా ఉంటుందా బహీగా?" అన్నాను.

"నీ నాలుకంత కాదులే, ఉమ్ షాకిర్!"

తహానీ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే వేలు చాచి తోక తాకింది.

"పొడిగా ఉందత్తయ్యా! తోలుసంచిలా!"

"పైనుంచి చెయ్యి తేకు, గద్ద అనుకుంటుంది. పక్కనుంచి రా. బిగించకు. కింద ఆసరా ఇచ్చి, దాని దారిన దాన్ని పోనీ."

గురువారానికల్లా హానిమ్ ఆమె మోచేతుల మీద పాకుతోంది. పిల్ల మాత్రం ఊపిరి బిగబట్టే ఉంది. అన్నతో వెళ్తుందో, ఉంటుందో? నాకు నిద్ర పడితేనా!

శుక్రవారం అన్న మమ్దూహ్ దిగాడు. వియ్యాలవారి మర్యాద కదా, భోజనంలోకి పావురాలు. తహానీయే ఈకలు పీకి, పొట్టలో గోధుమ నూక కూరి వండింది.

"సంచి ఏదీ?" అన్నాడతను కూర్చోగానే.

"ఉండన్నయ్యా, ఒకటి చూపిస్తా" అంటూ చేతులు గౌనుకు తుడుచుకుని పాము ఉండే పెట్టెలో చెయ్యి పెట్టింది. హానిమ్ చటుక్కున నోటితో పట్టేసింది!

మమ్దూహ్ సోఫా ఎక్కేశాడు. నేను అరిచిన అరుపుకు వీధంతా వచ్చింది.

"లాగకు!" అంది బహీగా. "చేతులు కడిగావా?"

"లేదత్తయ్యా..."

"మరదే. పావురం వాసనకు తిండనుకుంది. కదలకుండా కూర్చో, అదే వదులుతుంది."

తహానీ మొహం సున్నంలా ఉంది. మెల్లగా చాప మీద కూర్చుని చెయ్యి నేలకు ఆనించింది. నేను కళ్ళు మూసుకోలేదు, ఎలా వదులుతుందో చూడాలిగా. హానిమ్ తనంతట తనే నోరు తెరిచి వెనక్కి జరిగింది. చేతి మీద నాలుగు రక్తపు చుక్కలు.

"చూశావా? లే, పోదాం!" అన్నాడు అన్న.

తహానీ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతిదాకా సబ్బు రుద్ది కడుక్కుంది. ఇక సంచి తెస్తుందనుకున్నాం. వచ్చి మళ్ళీ పెట్టె పక్కనే కూర్చుని, పక్కనుంచి చెయ్యి పోనిచ్చింది. హానిమ్ కాసేపు నాలుక ఆడించి, మెల్లగా భుజం మీదికి పాకింది. ఈసారి పిల్ల ఊపిరి మామూలుగానే ఆడుతోంది.

"ఎప్పుడు కరుస్తుందో, ఎప్పుడు కరుస్తుందో అని నెలరోజులు చచ్చాను. కరిచింది, అయిపోయింది. నువ్వు భోంచేసి వెళ్ళన్నయ్యా."

మమ్దూహ్ కాళ్ళు పైకెత్తుకునే భోంచేశాడు. సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్ళాడు.