ఎండిన కాలువలో నడిచిన సుజాత

మీరు అబద్ధం చెబుతున్నారు.

నిన్నటి నుంచి మీ స్టేటస్‌లు చూస్తున్నాను. సుజాత ఫోటో, పక్కన దీపం బొమ్మ, "గొప్ప టీచర్‌ని కోల్పోయాం" అని ఒక లైను.

మీరేం కోల్పోలేదు. వేసవిలో డిగ్రీ పిల్లలు కూర్చోవడానికి ఒక హాలు ఇమ్మని ఆమె అడిగితే, పెళ్లిళ్ల సీజన్ అన్నారు. మీ అమ్మాయిల్ని పంపమంటే, ఈ ఎండల్లోనా అన్నారు. బతికుండగానే వదిలేసిన మనిషిని ఇప్పుడు కోల్పోయామంటే నేను నమ్మను.

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే రేణుక ఫోన్ చేసింది. సుజాత స్టూడెంట్.

"సార్, మేడమ్ పోయిండ్రు."

"ఎక్కడికి?" అన్నాను.

ఆ పిల్ల ఏడ్చింది. అప్పుడు అర్థమైంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

షట్టర్ సగంలోనే వదిలేశాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సుజాత, నేను డిగ్రీలో క్లాస్‌మేట్స్‌మి. నేను రాయచూరు బజార్లో హార్డ్‌వేర్ షాపులో కూర్చున్నాను. ఆమె ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పింది. కోస్తా నుంచి వచ్చి, తుంగభద్ర కాలువ కింద క్యాంపులనే ఊళ్లు కట్టుకుని వరి పండించే రైతుల ఇంటి ఆడపడుచు.

పబ్లిక్ పాలసీ సమ్మర్ ఫెలోషిప్ అంటే మనకు తెలిసిందేమిటి? బెంగళూరులో ఏసీ ఆఫీసు, ఇంగ్లీషు, సర్టిఫికెట్, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. లింగసుగూరు పిల్లకు ఆ తలుపు తెరుచుకోదు. సుజాత ఆ తలుపు తట్టలేదు. ఇక్కడే ఒక ఫెలోషిప్ పెట్టింది.

అందులో ప్రశ్న ఒక్కటే. కాలువ చివరి పొలాలకు నీళ్లు ఎందుకు రావు?

నేను ఊరుకుంటానా? వాదనకు దిగాను.

"ఎండకాలంల కాలువే బందు గదా. నీళ్లు లేని కాలువల ఏం జూస్తరు?"

"నీళ్లున్నప్పుడు నీళ్లే కనపడతాయి సేటూ" అంది.

ఆ మాట ఎంత పెద్దదో ఆ ఎండలో వాళ్ల వెంట నడిచాక తెలిసింది. ఎగువ పొలాలవాళ్లు గట్టు కింద నుంచి దొంగ పైపులు వేసుకుంటారు. నీళ్లు పారేటప్పుడు అవి మునిగి ఉంటాయి. కాలువ ఎండిందా, నోళ్లు తెరుచుకుని వరసగా బయటపడతాయి. అధికారులు గట్టు మీద జీపులో పోతారు. సుజాత పిల్లలు గిల్లేసూగూరు వైపు చివరి పొలాల దగ్గర మొదలుపెట్టి, కాలువ అడుగున ఎగువకు నడిచారు. నెత్తిన తడి తువ్వాళ్లు, చేతిలో నీళ్ల సీసాలు.

మొదటి వేసవి సంగతి చెప్పాలి.

రేణుక తండ్రి హట్టి బంగారు గనిలో కార్మికుడు. ఆ ఏడాది రిపోర్టు రాసింది ఆ పిల్లే. సుజాత అది చదివి తలెత్తింది.

"ఈ క్యాంపు దగ్గర పైపుల్లేవా?"

"ఉన్నయ్ మేడమ్."

"మరి రాయలేదే?"

రేణుక నా వైపు చూసింది. నేనేం చెయ్యను?

"ఒకటి మీ అన్నయ్యది మేడమ్."

"అయితే మొదటి పేజీలో అదే రాయి" అంది సుజాత.

అక్కడితో అయిపోలేదు. ఆమె ఫెలోషిప్‌కు ఒక నియమం ఉంది. రిపోర్టు ఏ ఆఫీసుకూ వెళ్లకముందే, ఎవరి గురించి రాశారో వాళ్ల ముందు, వాళ్ల భాషలో చదవాలి. కాబట్టి రేణుక అది చదివింది సుజాత పుట్టింటి కళ్లంలో. ఆమె అన్న సత్యం గారు ఎదురుగా మంచం మీద కూర్చుని విన్నారు.

"ఏమ్మా, చదువు చెప్పమంటే పుట్టింటి మీదకి పిల్లల్ని ఉసిగొల్పుతున్నావా?"

"పైపు ఉందా లేదా అన్నయ్యా?"

"ఈ కాలవ మీద ఎవరికి లేదు?"

"నీకుందా?"

"ఉంది" అన్నారాయన.

"రేణుకా, తర్వాతి పేరా చదువమ్మా" అంది సుజాత.

నేను ఏళ్ల తరబడి ధర్నాల్లో మైకుల ముందు అరిచినవాణ్ణి. ప్రభుత్వాలను తిట్టాను, దొరలను తిట్టాను. సొంత కళ్లంలో నిలబడి ఇలాంటి నిజం చదివించిన మనిషిని మాత్రం ఇంకొకరిని చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏదో ఒకటి అనాలని, "ఆ పైపులల్ల మా షాపువి గూడ ఉంటయేమో. అది గూడ రాయించు" అన్నాను.

"ఎప్పుడో రాయించా సేటూ. రెండో పేజీ చూడు."

ఆ తర్వాత పుట్టింటి నుంచి ఆమెకు పిలుపు రాలేదు. మేనకోడలి పెళ్లిని సుజాత మా ఆవిడ ఫోన్లో, ఫోటోల్లోనే చూసింది. అయినా ప్రతి మే నెలలో ఆ ఇంటి ముందు కాలువలోంచి పిల్లల్ని వెంటేసుకుని నడిచింది. ఆ పైపు అక్కడే ఉండేది. మళ్లీ రాయించేది.

నిన్న సత్యం గారు వచ్చారు. చెల్లెలి కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడి, రేణుకను అడిగారు.

"కాలవకి నీళ్లు కట్టేశారుగా. మీరెప్పుడొస్తారమ్మా?"

మేడమ్ లేరు కాబట్టి ఈ ఏడాది ఫెలోషిప్ లేదని కాలేజీ గ్రూపులో అప్పటికే మెసేజ్ వచ్చేసింది.

"పోయిన వేసవి మీరెళ్లాక పైపు పీకేశా" అన్నారాయన. "అది చూడకుండానే పోయింది. మీరన్నా వచ్చి చూసి నా పేరు కొట్టెయ్యండి."

సుజాతా, ఎండలో చాలా నడిచావు. ఇక నీడన హాయిగా పడుకో. వాదన నేను చూసుకుంటాను.

మిగతావాళ్లు దీపం బొమ్మలు తీసేసి ఇవి చెయ్యండి.

1. కాలేజీ ఆ మెసేజ్ వెనక్కి తీసుకోవాలి. ఈ మే నెలలోనే నడక జరగాలి. రేణుక నడిపిస్తుంది.

2. పెళ్లిళ్ల సీజనైనా సరే, పిల్లలకు ఫ్యాన్లున్న హాలు ఇవ్వాలి.

3. మీ అమ్మాయిల్ని పంపాలి.

4. రిపోర్టు ముందు క్యాంపుల్లో తెలుగులో, చివరి ఊళ్లలో కన్నడలో చదవాలి. ఆఫీసుకు ఆ తర్వాతే.

5. కాలువ అధికారులు జీపు దిగి, పిల్లలతో పాటు కాలువ అడుగున నడవాలి.

6. సత్యం గారి పొలం దగ్గర ఆగి చూడాలి. పైపు లేకపోతే ఆయన పేరు కొట్టెయ్యాలి. ఉంటే మళ్లీ మొదటి పేజీలోనే రాయాలి.