అమ్మ చెప్పిన చుక్కల సాక్ష్యం

మొన్న ఒంగోలులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక విద్యార్థిని, ఒక నక్షత్రపు వెలుగు పెరగడం, తగ్గడం చూపే గీత తెచ్చి, రెండు గుట్టల్లో ఒకటి పొట్టిగా వచ్చింది, ఆ కొలతలు తీసేయనా మేడమ్ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నలుగురిలో నా చేత మొదటిసారి నోరు తెరిపించింది అలాంటి పొట్టి గుట్టే.

పరిశోధన రోజుల్లో నా వంతుకు వచ్చింది ఒక స్పర్శ జంట. రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని, పై పొరను ఉమ్మడిగా కప్పుకుని, కొన్ని గంటల్లోనే ఒక చుట్టు తిరిగేస్తుంటాయి. మనకు మాత్రం ఒక్క చుక్కలాగే కనబడతాయి. ఒకటి రెండోదానికి అడ్డొస్తే వెలుగు తగ్గుతుంది, పక్కపక్కన నిలిస్తే పెరుగుతుంది, అలా గీతలో చుట్టుకు రెండు గుట్టలు లేస్తాయి. ఆ గీతతో కలిసేదాకా కంప్యూటర్లో వాటి బరువుల నిష్పత్తినీ, వేడినీ, కక్ష్య వాలునూ మారుస్తూ పోవాలి. అన్నీ కుదిరాయి, పొట్టిగా వచ్చిన ఒక్క గుట్ట తప్ప. ఒక నక్షత్రం మీద వెలుగు తక్కువైన చల్లని మచ్చ ఉందనుకుంటేనే అదీ కుదిరింది. మా గైడ్ గారు మాత్రం కొలతల్లోనే లోపముందన్నారు. సెమినార్‌లో అందరి ముందూ నిరూపించు, లేదంటే మొదటి నుంచి చెయ్యి అన్నారు.

నాకేమో నలుగురిలో మాట పెగలదు. చిలకలూరిపేటలో మా చర్చిలో ఒక్కొక్కరే లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ, ఎక్కడ నన్ను లేపుతారోనని చాప మీద అమ్మ వీపు వెనక దాక్కుని, చెప్పాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని.

సెమినార్ రోజు గైడ్ గారు, "ఏమ్మా, మచ్చ నక్షత్రం మీదుందా, కెమెరా మీదుందా?" అనగానే హాలంతా నవ్వింది. నక్షత్రం మీదేనండి అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాను. "అవే ఫొటోల్లో పక్కనున్న నక్షత్రాల వెలుగు నిలకడగా ఉందండి. లోపం కెమెరాదైతే వాటి వెలుగూ మారాలి కదండీ. పైగా ప్రతి చుట్టులోనూ పొట్టిగా వచ్చేది ఆ గుట్టే." ఆయన తెర దగ్గరికి నడిచి, చాలాసేపు చూసి, "సరే, మచ్చ ఉండనీ" అన్నారు.

మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే మా అమ్మ ఇదంతా నాతో రెండుసార్లు చెప్పించుకుని, ఆదివారం సాక్ష్యాల వేళ తానే లేచింది. "అందరికీ వందనాలండి. మా పిల్ల నోరు తెరిచిందండి. అంటుకుని తిరిగే రెండు చుక్కల్లో ఒకదానికి మచ్చుందని చెప్పి, పెద్దపెద్దోళ్ళ చేత అవుననిపించింది."

వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది. "అయ్యో, ఆ మచ్చ పోయేలా ప్రార్థన చేద్దామా?"

"వద్దక్కా! అది పోతే మా పిల్ల చదువు పోద్ది!"

పాస్టరు గారు సహా అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను దాక్కోలేదు, అమ్మ పక్కన నిలబడ్డాను.

మొన్న ఆ అమ్మాయితో, తీసేయకు, ముందు పక్క నక్షత్రాలను చూడు అన్నాను. ఇప్పటి పిల్లలకు సెమినార్ అంటే బెరుకు లేదు, అది నాకు సంతోషమే. మా చర్చిలోనూ చాపలు పోయి కుర్చీలొచ్చాయి. సాక్ష్యం చెప్పమంటే నేనే ముందు లేస్తున్నాను. కూర్చున్నాక మాత్రం, ఎదురుగా కనబడే కుర్చీ వీపును చూస్తూ, అక్కడ ఒకప్పుడు అమ్మ వీపు ఎంత విశాలంగా ఉండేదో అనుకుంటాను.