క్వారీ నీళ్లలో నా మణికట్టు పట్టిన చెయ్యి

ముందే చెప్పేస్తున్నాను, నేను దయ్యాల మనిషిని కాదు. పశువుల దవాఖానలో ఉద్యోగం నాది. మందలో నాలుగు జీవాలు ఒక్కసారిగా పడి చస్తే ఊరంతా గాలి సోకిందంటుంది, ఎవరి కన్నో పడిందంటుంది. నేను డాక్టరు గారి పక్కన నిలబడి, కోసిన పేగు చూపించి, ఇది చిటుక రోగం, టీకా వేయించనందుకు వచ్చింది అని చెప్తాను. ఇన్నేళ్లలో గాలి సోకి చచ్చిన గొర్రెను ఒక్కదాన్ని కూడా నేను చూడలేదు.

అందుకే ఈ సంగతి చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. నన్ను చూసి నేనే నవ్వుకోవాల్సి వస్తుందని భయం.

మాది తిరుమలగిరి వైపు గొర్లకాపరుల కుటుంబం. బాపు ఇప్పటికీ మంద వెంట తిరుగుతాడు. నా తమ్ముడు నరేష్ డిగ్రీ చదివి, పరీక్షల మీద పరీక్షలు రాసి విసిగిపోయాడు. ప్రాజెక్టుల గేట్ల దగ్గర నీళ్లలో మునిగి మరమ్మతులు చేయించే కాంట్రాక్టరు ఒకాయన, ముందు స్కూబా డైవింగ్ నేర్చుకుని రా, తర్వాత పని నేను నేర్పిస్తానన్నాడట. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో కళ కనిపించింది. కానీ బాపు అడ్డం పడ్డాడు. వాడు ఎంత బతిమాలినా ఆయనది ఒకటే మాట.

"అక్క పోతెనే నువ్వు పో. నీళ్లల్లకు ఒక్కనివి వద్దు."

అట్లా నేను కూడా ఇరుక్కున్నాను. మా పొలం బావిలో ఈత నేర్చుకున్నదాన్ని, నీళ్లంటే భయం లేదు. సెలవు పెట్టి వాడితోపాటు చేరాను.

నేర్పే చోటు కేతేపల్లి దాటాక లోపలికి పోతే వస్తుంది. ఒకప్పటి గ్రానైట్ క్వారీ. తవ్వడం ఆపేశాక వాననీళ్లు నిండాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన రఫీ సార్ దాన్ని కిరాయికి తీసుకుని, కొత్తగా నేర్చుకునేవాళ్లకు డైవింగ్ నేర్పిస్తున్నాడు. ఆయన దాన్ని లేక్ అనేవాడు. మేము గుంత అనేవాళ్లం. అలలుండవు, ప్రవాహం ఉండదు, కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి జాగా దొరకదని ఆయన గట్టి నమ్మకం. నిజమే, అంత నిలకడైన నీళ్లు నేనెక్కడా చూడలేదు.

ఒక్కటే ఇబ్బంది. రాయి కోసినప్పుడు రాలిన పొడి అడుగున మెత్తగా పేరుకుని ఉంది. కాలికి తొడిగిన రబ్బరు రెక్క దానికి తగిలిందంటే చాలు, నీళ్లు తెల్లగా కలకబారి సొంత చెయ్యి కూడా కనిపించదు. అందుకే అడుగున ఒక ఇనుప చట్రం, అక్కడి నుంచి అవతలి గుంజ దాకా ఒక తాడు కట్టారు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో జతగాడి చెయ్యి పట్టుకుని పోవాలి. రాళ్ల అంచులు కోసుకుంటాయని అందరికీ మందపాటి రబ్బరు గ్లోవులు ఇచ్చారు.

ఇక్కడే రఫీ సార్‌తో మాకు రోజూ గొడవ. మా ఇంట్లో వాగు దాటే పద్ధతి ఒకటుంది. వానకాలం మందతో వాగులో దిగితే అరచేతిలో అరచెయ్యి పెట్టం. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుంటాం. ఒకరు వదిలినా రెండోవాళ్ల పట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచి అదే అలవాటు కాబట్టి నీళ్లలో దిగగానే మా చేతులు వాటంతట అవే అట్లా పోయేవి. రఫీ సార్ నేర్పేది వేరు. అరచెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కితే బాగున్నావా అని, తిరిగి నొక్కితే బాగున్నాను అని. మణికట్టు పట్టుకుంటే ఈ మాట ఎట్లా అడుగుతారు అని ఆయన బాధ.

"దొంగను స్టేషన్‌కు తీస్కపోతున్నట్టు పట్టుకుంటరేందమ్మా? చేతిల చెయ్యి పెట్టుండ్రి," అనేవాడు. మిగతా ఇద్దరు శిష్యులు, హైదరాబాద్‌లో కొలువు చేసుకునే మొగుడూపెళ్లాలు, పడీపడీ నవ్వేవాళ్లు. చివరికి మేం కూడా అరచేతులకు అలవాటు పడ్డాం.

ఆఖరి రోజు పొద్దున బాపు కూడా మాతో వచ్చాడు. కొడుకు ఏం నేర్చుకున్నాడో చూస్తానన్నాడు. గొంగడి భుజాన వేసుకుని ఒడ్డున ఒక బండ మీద కూర్చున్నాడు. ఆ మొగుడూపెళ్లాలు ముందే దిగి, తమ వంతు అయిపోయి, ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు. అంటే ఆ సమయానికి నీళ్లలో ఉన్నది ముగ్గురమే. ముందు రఫీ సార్, వెనుక నేనూ, నరేషూ. ఈ లెక్క మీరు కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను దీన్ని ఇప్పటికీ మళ్లీ మళ్లీ వేసుకుంటూ ఉంటాను.

చట్రం దాకా అంతా బాగానే ఉంది. తాడు వెంట బయలుదేరాం. ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో తమ్ముడి చెయ్యి. వాడి నడుముకు బరువులు ఎక్కువయ్యాయేమో, కిందికి దిగిపోయి కాళ్లు అడుగుకు తగిలించాడు. ఒక్కసారిగా పొడి లేచింది. ముందు రఫీ సార్ మాయమయ్యాడు, తర్వాత నా చెయ్యి నాకే కనిపించకుండా పోయింది. పాల క్యానులో దించినట్టయింది నా పని. నరేష్ నా వేళ్లను గట్టిగా లాగాడు. గ్లోవు మీద గ్లోవు జారింది. వాడి చెయ్యి పోయింది.

చెయ్యి చాపి వెతికాను. నీళ్లే తగిలాయి. జతగాడు తప్పిపోతే కాసేపు వెతికి, దొరక్కపోతే పైకి రావాలని సార్ పదేపదే చెప్పాడు. నాకు పైకి పోవాలని లేదు. తమ్ముడిని కింద వదిలి బాపు ముందు ఎట్లా తేలాలి? ఊపిరి ఎగబీల్చడం మొదలుపెట్టాను. నా చెవుల్లో నా గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు ఒక చెయ్యి నా కుడి మణికట్టు పట్టుకుంది.

ప్రాణం లేచొచ్చింది. అరచెయ్యి కాదు, మణికట్టు. అట్లా పట్టుకునేది వాడొక్కడే. గాబరాలో నేర్చుకున్నదంతా మర్చిపోయి ఇంటి అలవాటుకు వచ్చాడు పిల్లగాడు అనుకున్నాను. ఇప్పుడిక పైకి పోదామని లేవబోయాను. ఆ చెయ్యి పైకి రాలేదు. పక్కకు, కొంచెం కిందికి లాగింది. తాడుకు దూరంగా. నాకు కోపం వచ్చింది, వీడికేమన్నా పిచ్చా అని. తాడు వదిలితే ఈ తెల్లనీళ్లలో మళ్లీ దొరకదు. నేను ఇటు లాగాను, అది అటు లాగింది. గుంజుకున్నట్టు లేదు, కానీ వదల్లేదు. చివరికి తాడు నేనే వదిలేశాను. తమ్ముడే కదా అనుకున్నాను, అందుకే వదిలాను.

ఎంత దూరం పోయానో తెలియదు. ముందుకు చాపిన ఎడమ చేతికి ఇనుము తగిలింది. తడిమాను. గాలి సిలిండర్. దాని మీద నైలాన్ వల చుట్టుకుని ఉంది. ఇంకా తడిమాను. భుజం, జాకెట్, అద్దం పట్టీ. నరేష్. తల కిందికి ఉంది, ఒళ్లంతా బిగుసుకుపోయి ఉంది. నోట్లో గాలి గొట్టం ఉందో లేదో చూసుకున్నాను, ఉంది. వాడి చేతుల కోసం వెతికాను. కుడి చెయ్యి మెడ వెనుక వలలో చిక్కుకుని ఉంది. ఎడమ చెయ్యి కూడా దాని పక్కనే, వేళ్లు వల కన్నుల్లో ఇరుక్కుని ఉన్నాయి. రెండింటికీ గ్లోవులున్నాయి.

నా మణికట్టు మీద చెయ్యి ఇంకా ఉంది.

ఆ క్షణం ఏమనిపించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అరవాలనిపించింది, నోట్లో గొట్టం ఉంది. నా గ్లోవుకూ, డ్రెస్సు చేతికీ మధ్య కొంచెం చర్మం బయటికి ఉండేది. ఆ వేళ్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి. రబ్బరు కాదు, ఒట్టి వేళ్లు. ఆ గుంతలో నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. ఆ వేళ్లు చల్లగా లేవు.

నాకు కుడి చెయ్యి కావాలి అనుకున్నాను. అనుకున్నాను అంతే. అది వదిలేసింది.

భయపడటానికి కూడా తీరిక లేకపోయింది. జాకెట్‌కు కట్టి ఉన్న చిన్న కత్తి తీశాను. ఈనలేక అవస్థ పడే గొర్రెలకు నన్నే పిలుస్తారు, నా చెయ్యి సన్నగా ఉంటుందని. లోపల ఏ కాలు ఎక్కడ మెలిపడిందో కళ్లతో చూసేది కాదు, వేళ్లతో చూసేది. ఇది కూడా అట్లాంటిదే అని నాకు నేను చెప్పుకుంటూ ఒక్కొక్క పోగు కోశాను. నరేష్ ఒకసారి తన్నుకున్నాడు, తర్వాత నా చెయ్యి గుర్తుపట్టి ఊరుకున్నాడు. వాడు ఊరుకున్నప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

ఆఖరి పోగు తెగాక వాడి మణికట్టు పట్టుకున్నాను, వాడు నాది పట్టుకున్నాడు. మెల్లగా పైకి వచ్చాం. వాడి సిలిండర్‌లో గాలి దాదాపు అయిపోయిందని ఒడ్డున చూశాక తెలిసింది.

రఫీ సార్ మాకు చాలా దూరంగా, అవతలి గుంజ పైన, నీళ్ల మీద తేలుతూ మమ్మల్ని కేకేస్తున్నాడు. మేం వెనుక లేకపోవడం చూసి, నియమం ప్రకారం పైకి వచ్చాడట. ఆయన గ్లోవులు ఆయన చేతులకే ఉన్నాయి. బాపు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అంతకన్నా ముందుకు పోకుండా తామే ఆపామని ఆ మొగుడూపెళ్లాలు చెప్పారు.

ఊపిరి తిరిగాక నరేష్‌ను నేనడిగిన మొదటి మాట, నా చెయ్యి నువ్వు పట్టుకున్నావా అని.

"యాడికెల్లి పట్టుకుంట అక్కా? చెయ్యి జారినంక సీదా పోయి వలల వడ్డ. నా రెండు చేతులు ఆడనే ఉండె," అన్నాడు.

మర్నాడు సార్ మనుషులను దించి ఆ వల పైకి తీయించాడు. ఆయనకన్నా ముందు ఎవరో అక్కడ చేపలు పెంచినప్పుడు వదిలేసినదట. తాడు దారికి అది చాలా పక్కకు ఉంది. అటు ఎవరూ ఎప్పుడూ పోరు. నేను మాత్రం సూటిగా దాని దగ్గరికే పోయాను.

జరిగింది సార్‌కు చెప్పాను. భయంలో మనసు ఏవేవో పుట్టిస్తుందమ్మా అన్నాడు. కావచ్చు. నేనూ అదే అనుకోవాలని చూశాను. వల పోగే నా చేతికి చుట్టుకుందేమో అనుకున్నాను. కానీ వల మనిషిని తన దగ్గరికి నడిపించుకుపోదు, అడగగానే వదలదు. నా మణికట్టు మీద గుర్తులేమైనా పడ్డాయా అని అందరూ అడుగుతారు. పడలేదు. పడ్డాయని చెప్తే వినడానికి బాగుండేది.

బాపు మాత్రం అంతా విని, ఒక్క మాట కూడా కాదనలేదు. ఆయనకు పట్టుకున్న చింత వేరు. మా ఇళ్లలో ప్రాణం గట్టెక్కితే, కాపాడినవాళ్ల పేరు మీద పొట్టేలును వదులుతాం. దేవతైతే దేవత పేరు మీద, పోయిన పెద్దలైతే వాళ్ల పేరు మీద. పేరు పిలిచి, పసుపు నీళ్లు చల్లి, అది ఒళ్లు జలదరిస్తే ఆ పేరువాళ్లు ఒప్పుకున్నట్టు, అప్పుడే కోస్తాం. బాపు మందలో అన్నిటికన్నా మంచి పొట్టేలును పక్కకు పెట్టాడు. పేరు తెలియకుండా దాన్ని కోయడానికి లేదు, అమ్మడానికి లేదు. ఆ పేరు కోసం బయలుదేరాడు.

నేనూ వెంట పోయాను. క్వారీ పక్క ఊళ్లో అక్కడ పనిచేసిన ముసలివాళ్లను కలిశాం. ఆ గుంతలో ఎవరు పోయారు అని అడిగాం. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాయి పేల్చే రోజుల్లో కూడా అక్కడ మనిషి పోలేదన్నారు. నీళ్లు నిండాక ఒక కుక్క కూడా పడలేదన్నారు. ఇంకో ఊరు పోయాం, అక్కడా అదే మాట. తిరిగి వస్తుంటే నాకు దుఃఖం వచ్చింది. ఎవరో ఒకరు పోయి ఉంటే బాగుండని కోరుకుంటున్నందుకు సిగ్గేసింది కూడా. దేవతలను అడిగి చెప్పే శివసత్తి దగ్గరికి బాపు ఒక్కడే పోయి వచ్చాడు. ఆమె కూడా, ఇది నాకు అందే సంగతి కాదని పంపించిందట.

నరేష్ ఇప్పుడు ప్రాజెక్టుల మీదే పనిచేస్తున్నాడు. వాడు నీళ్లలో దిగిన రోజు ఫోన్ వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

పోయిన బక్రీదుకు ముందు ఒక బేరగాడు మా దొడ్డికి వచ్చాడు. ఆ పొట్టేలును చూసి కదలలేదు. అప్పటికి అది ఈడు ముదిరి, కొమ్ములు మెలితిరిగి, మందకంతా పెద్దలా ఉంది. ఎంతంటే అంత ఇస్తానన్నాడు.

"అది మాది కాదు," అన్నాడు బాపు.

"మరి ఎవలది?" అన్నాడు అతను.

బాపు నా వైపు చూశాడు. నేను పొట్టేలు వైపు చూశాను.