తేనె అక్కకు నేనిచ్చిన కంటిచుక్కలు

ముదురు నీలం జాకెట్టుకు నల్లదారంతో అంచు కుట్టి ఇచ్చానని ఒక పంతులమ్మ దాన్ని వెనక్కి తెచ్చిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది. "ఇదేంది అక్కా, ఇట్ల కుట్టినావు?" అంటూ మెడ అంచు తిప్పి చూపించింది. ఎంత చూసినా నాకు తేడా తెలియలేదు. తెలియలేదని చెప్పలేక, "చేతికందిన రీలు ఏసినట్లుండా. ఇట్ల ఇయ్యమ్మా, విప్పి కుడతా" అన్నాను. ఆమె వెళ్లాక రీళ్ల డబ్బా బోర్లించి, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని నలుపేదో నీలమేదో విడదీయబోయాను. విడదీయలేకపోయాను.

మార్కాపురంలో నాది చిన్న కుట్టు దుకాణం. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్స్. పెళ్లయిన కొత్తలో వరండాలో మిషను పెట్టుకుని మొదలుపెట్టినదాన్ని, ఇప్పుడు యాభై దాటాను. నా చేతిపని సన్నగా ఉంటుందని గిద్దలూరు నుంచి కూడా గుడ్డలు పంపేవాళ్లున్నారు. అలాంటిదాన్ని, సూదిలో దారం ఎక్కించే తీగ ఒకటి కొనుక్కుని, దుకాణంలో ఎవరూ లేనప్పుడు మాత్రమే బయటికి తీసేదాన్ని.

అద్దాలు మార్చుకుంటే సరిపోతుందనుకుని కళ్లద్దాల దుకాణానికి వెళ్లాను. అక్కడాయన నా కళ్లలోకి లైటు వేసి చూసి, "అద్దాలతో పోయేది కాదక్కా. రెండు కళ్లల్లోనూ శుక్లాలు వచ్చినాయి. పెద్ద డాక్టరుకు చూపించుకో, ఆపరేషను చేస్తారు" అన్నాడు. ఇంటికొచ్చి, ఆటో నడిపే మా ఆయనకు ఆ మాట చెప్పలేదు. అద్దాలు రేపొస్తాయన్నాను. నేను కత్తికి భయపడలేదు. మిషను రోజుల తరబడి ఆగిపోతుందని భయపడ్డాను. అంతకన్నా ఎక్కువగా, 'ఆమెకు చూపు పోయిందంట' అని వీధిలో అనుకుంటారని భయపడ్డాను.

ఆ వారంలోనే ఫోనులో ఆ ప్రకటన కనిపించింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, కోత లేకుండా చుక్కలతోనే శుక్లం కరిగిపోతుందని చెబుతున్నాడు. ఆ చుక్కలు వేసుకున్న ముసలాయన ఒకడు అద్దాలు తీసేసి పేపరు చదువుతున్నాడు. రెండు సీసాలు తీసుకుంటే మూడోది ఉచితమట. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. మా ఆయన ఇంట్లో లేని వేళ చూసి తెప్పించుకున్నాను.

మొదటి సీసా వాడినన్నాళ్లూ గుణం కనిపిస్తున్నట్లే ఉండేది. వేయగానే చురుక్కుమనేది, నీళ్లు కారేవి, తుడుచుకున్నాక ఓ క్షణం అంతా కడిగినట్లు కనిపించేది. ఆ క్షణాన్నే నేను పట్టుకుని వేలాడాను.

ఆ నమ్మకంలో ఉండగానే తేనె అక్క వచ్చింది. దోర్నాల దాటాక నల్లమలలో ఉన్న ఒక గూడెం ఆమెది. పదిహేను రోజులకోసారి తేనె, కుంకుడుకాయలు తెచ్చి మా వీధిలో అమ్ముకుని, బస్సు వేళయ్యేదాకా నా దుకాణంలో కూర్చునేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆమె ఎడమకంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ ఒకటి నేను ఎరిగినప్పటి నుంచీ ఉంది. అది కూడా శుక్లమే అనుకున్నాను. ఎప్పుడొచ్చింది, ఎట్లా వచ్చింది అని ఒక్కనాడూ అడగలేదు.

"అక్కా, నీ కంటికి మందు దొరికింది. నేను గూడా ఏసుకుంటాండా" అన్నాను.

"ఆపరేషను ల్యాకుండానే?"

"ల్యాకుండానే."

ఉచితంగా వచ్చిన మూడో సీసా ఆమెకిచ్చాను. తల వెనక్కి వాల్చమని, రెప్ప విప్పి, మొదటి చుక్క నా చేత్తోనే వేశాను. ఆమె కన్ను గట్టిగా మూసుకుని, "మండతాంది చెల్లెమ్మా" అంది. "మండితేనే పనిచేస్తాందని లెక్క" అన్నాను. ఆ మాట నాకు ఎవరూ చెప్పింది కాదు. నేనే కల్పించాను. ఆమె సీసాను కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత కొద్దిరోజులకు నేను రెండో సీసా తెరిచాను. మూత చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ పట్టీ ముందే తెగి ఉంది. మొదటి సీసా మూత తెల్లనిది, ఇది లేతపచ్చ. అట్టపెట్టె మీద తేదీ ఉన్నచోట వేలికి కాస్త ఎత్తుగా తగిలింది. గోటితో గీకితే చిన్న కాగితం ఊడొచ్చింది. దాని కింద ఇంకో తేదీ ఉంది. నా కంటికి ఆనలేదు. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. ఆ మందు గడువు ఎప్పుడో దాటిపోయింది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల సన్నటి పోగులాంటిది ఒకటి కదిలింది. అది మందులో ఉందో నా కంట్లో ఉందో నాకు అర్థం కాలేదు. కుడికన్ను మూసి చూశాను, ఎడమకన్ను మూసి చూశాను. చివరికి సీసా పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తాను.

ఆ షాపతను మా వీధివాడే, నాకు తమ్ముడి వరస. సీసాను ట్యూబులైటు కింద పట్టుకుని అటూ ఇటూ వంచాడు.

"పోగులు ఆడతాండాయక్కా దీంట్ల. యాడ కొన్నావు?"

"ఫోనులో."

అతను పెట్టెను నాలుగు వైపులా తిప్పాడు. "తయారుచేసినోళ్ల లైసెన్సు నంబరు ల్యా. అడ్రసు సగమే ఉండాది. కంటి మందంటే సూదిమందు తయారుచేసినంత శుభ్రంగా చెయ్యాలక్కా. మూత తీసినాక నెల దాటితే మంచి మందైనా పారేయమంటారు. ఇదేందో, ఎవురు చేసినారో! ఆపు, ఇప్పుడే ఆపేయ్. ఇంకెవురికన్నా ఇచ్చినావా?"

"ల్యా" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అతను అడగగానే తేనె అక్క ముఖం గుర్తొచ్చింది, అదే క్షణంలో నోరు 'ల్యా' అనేసింది.

పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోను చేశాను. ఒకమ్మాయి ఎత్తి, "అవి మూలికల పోగులు మేడం, వాడే ముందు బాగా ఊపండి" అంది. తేదీ సంగతి అడిగితే, మా సారు ఫోను చేస్తారు అని పెట్టేసింది. మరునాడు ఆ నంబరు పనిచేయలేదు.

తేనె అక్కకు ఫోను లేదు. ఆమె వచ్చే రోజు కోసం చూడటం తప్ప దారి లేదనుకున్నాను. ఆ రోజు వచ్చింది, ఆమె రాలేదు. మరో నాలుగు రోజులు చూశాను. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి గుమ్మంలోకి వచ్చేదాన్ని. బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి వీధి మొదట్లో కనిపిస్తే ఎదురెళ్లేదాన్ని, దగ్గరికొచ్చాక ఇంకెవరో అయ్యేది. ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను. నా కళ్లు ఎర్రబడ్డాయేమోనని గంటకోసారి అద్దంలో చూసుకునేదాన్ని. నాకేమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఇంకా భయపెట్టింది.

ఐదోరోజు ఉదయం మా ఆయనకు అంతా చెప్పాను, శుక్లాల సంగతితో సహా. "నాతో చెప్తే ఏమయ్యేది? నేనేం పరాయోన్నా?" అన్నాడు. తర్వాత, "ఆటో స్కూలు పిల్లోళ్లకు ఒప్పుకున్నా. నువ్వు బస్సులో పో. ఆమెను ఎంటబెట్టుకోనిరా" అన్నాడు.

బస్టాండులో బోర్డులు చదవలేకపోయాను. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకూడదని దాచుకున్నదాన్ని, కనిపించిన ప్రతివాళ్లనూ "ఇది శ్రీశైలం బస్సేనా?" అని అడుగుతూ తిరిగాను. బస్సెక్కాక కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. దోర్నాల వచ్చిందా అని కండక్టరును అన్నిసార్లు అడిగితే, "వస్తే చెప్తానమ్మా, కూర్చో" అని విసుక్కున్నాడు. దోర్నాలలో దిగి, ఆమె ఎప్పుడో చెప్పిన గుర్తులు చెప్పి ఒక ఆటో మాట్లాడుకున్నాను. రోడ్డు వదిలి మట్టిదారిలో కొంతదూరం పోయాక ఇళ్లు కనిపించాయి.

తేనె అక్క ఇంటి ముందు నీడలో కూర్చుని ఉంది. ఎడమకంటి మీద తడిగుడ్డ అడ్డం పెట్టుకుంది. నా గొంతు విని గుడ్డ తీసింది. రెప్ప వాచిపోయి, కన్ను నెత్తురు ముద్దలా ఉంది. చీము కారుతోంది.

"ఎన్నాళ్లాయె అక్కా ఇట్ల?"

"వారం దాటినాది. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఇంకో చుక్క ఏసినా."

"మండతాంటే ఆపాల్సింది గదా!"

"మండితేనే పనిచేస్తాందని నువ్వే అంటివి" అంది.

ఆ మాటలో నిందేమీ లేదు. నేను చెప్పింది నాకే గుర్తుచేసింది, అంతే. నేను కింద కూర్చుని, ఆ మందు మంచిది కాదని, గడువు దాటినదని, నాకు తెలియక ఇచ్చానని చెప్పాను. ఆమె లోపలికెళ్లి సీసా తెచ్చింది. ఎలుకలు కొట్టకుండా చిన్న ముంతలో గుడ్డ చుట్టి దాచింది. మందు అడుగున కొంచెమే మిగిలింది.

ఆ మధ్యాహ్నానికే మార్కాపురంలో కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాను. డాక్టరు ముప్పై ఏళ్ల అమ్మాయి. తేనె అక్క గడ్డాన్ని కంటి మిషనుకు ఆనించి చూస్తూనే ముఖం గంభీరంగా పెట్టింది.

"నల్లగుడ్డు మీద పుండు పడింది. ఏం మందు వేశారు?"

నేను సీసా బల్ల మీద పెట్టాను.

"ఎవరిచ్చారు ఇది?"

నేను నోరు తెరిచేలోపు తేనె అక్క, "సంతలో కొన్నానమ్మా" అంది.

ఆమె నా వైపు చూడలేదు. నన్ను కాపాడటానికే అంది. మందుల షాపులో నేను నన్ను కాపాడుకోవడానికి చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది.

"కాదు మేడం. నేనే ఇచ్చినా. నేనే ఏసినా" అన్నాను.

డాక్టరు నన్ను కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. ఆ ప్రశాంతతే నాకు కష్టమైంది. "ఈ సీసా వల్లే వచ్చిందా లేదా అన్నది పరీక్షలో తేలాలి. కానీ అమ్మా, ఈమె కంట్లో శుక్లమే లేదు. ఇది పాత మచ్చ" అంది. తేనె అక్క తలాడించింది. "చిన్నప్పుడు ముల్లు గీసుకున్నాది" అంది.

తర్వాత డాక్టరు ఇద్దరికీ కలిపి చెప్పింది. శుక్లమంటే కంటి లోపలి కటకం మసకబారడమని, పైనుంచి చుక్కలు వేస్తే అది మళ్లీ తేటపడదని, అట్లా కరిగించే మందేదీ ఇప్పటిదాకా రుజువు కాలేదని, ఆపరేషనుతో ఆ కటకం తీసి వేరేది పెట్టడమొక్కటే దారి అని. "ఇట్ల సీసాలు పట్టుకుని వచ్చేవాళ్లు మీరే మొదలు కాదు" అంది. నా కళ్లు కూడా చూసి ఆపరేషనుకు తేదీ రాసిచ్చింది.

తేనె అక్కను ఆసుపత్రిలో ఉంచుకున్నారు. పుండు నుంచి కాస్త గీకి పరీక్షకు పంపారు. గంటకోసారి అసలైన మందు వేయాలి. నేను దుకాణం మూసేసి ఆమె పక్కనే ఉన్నాను. చుక్కలు నేనే వేసేదాన్ని. ఒకసారి చుక్క చెంప మీద పడింది. ఆమె సీసా నా చేతిలోంచి తీసుకుని, "నేనే ఏసుకుంటాలే" అంది. ఆ తర్వాత నన్ను వేయనివ్వలేదు.

ఆమె సీసాలో మిగిలిన మందులోనూ, పుండులోనూ ఒకే రకం సూక్ష్మజీవులు ఉన్నాయని పరీక్షలో తేలింది. నా రెండో సీసా తీసుకుని మందుల షాపు తమ్ముడి దగ్గరికెళ్లి, ముందు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. అతను నొచ్చుకున్నాడు గాని, మందుల తనిఖీ అధికారికి అర్జీ తనే రాసిపెట్టాడు. సీసా తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ఆ తర్వాత కబురేమీ లేదు. ప్రకటన మాత్రం వేరే పేరుతో, అదే తెల్లకోటు ఆయనతో మళ్లీ కనిపించింది. అది చూసిన రోజు ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసి వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి చాలాసేపు నడిచాను.

నాకు కుడికంటికి ముందు, కొన్నాళ్లకు ఎడమకంటికి ఆపరేషను అయింది. వీధిలో ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇద్దరు ముగ్గురు, తమకూ మసకగా ఉందని, ఏ డాక్టరని అడగడానికి వచ్చారు.

తేనె అక్క పుండు మానింది. కానీ మచ్చ పెద్దదయింది. అంతకుముందు ఆ కంటితో మనుషుల ఆకారాలు తెలిసేవి, ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ తెలియదు. కుడికన్ను బాగుంది, దానితోనే అన్నీ చేసుకుంటోంది. చివరిసారి చూపించినప్పుడు డాక్టరు, ఇంతకన్నా మెరుగవడం కష్టమని చెప్పింది. నల్లగుడ్డు మార్చే ఆపరేషను ఒకటుందని, పెద్ద ఊళ్లో చేస్తారని, పేరు రాయిస్తానని అంది. తేనె అక్క ఆలోచించుకుంటానంది.

ఇద్దరం బస్టాండుకు నడిచి బల్ల మీద కూర్చున్నాం. అన్నాళ్లుగా అడగలేకపోయినది అప్పుడు అడిగాను.

"నా మింద కోపముందా అక్కా?"

లేదంటుందని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే లేదనిపించుకోవడానికే అడిగాను.

"ఉండాది" అంది. కొంగుతో కన్ను ఒత్తుకుని మళ్లీ అంది. "నువ్వు కావాలని చెయ్యలా. ఎదుక్కుంటా వచ్చినావు, పక్కనే ఉన్నావు. అదీ తెలుసు. కానీ ఇన్నేండ్లు నీ దుకాణంలో కూర్చుంటి, నా కంటికి ఏమైందో ఒక్కపారి అడిగింటే చెప్పేదాన్ని గదా."

శ్రీశైలం బస్సు వచ్చింది. బోర్డు నాకు దూరం నుంచే కనిపించింది. ఆమె ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, మెట్టు ఎక్కేటప్పుడు ఎడమవైపు కడ్డీ కనిపించక చేత్తో తడిమింది. నేను లేచి ఆమె చేతిని కడ్డీ మీద పెట్టాను. వద్దనలేదు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. పేరు రాయించుకుంటుందో లేదో, పదిహేను రోజులకు వస్తుందో రాదో అనుకుంటూ ఇంటిదారి పట్టాను.