దేవదారు నూనె చుక్క

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా వంటింట్లో బీట్‌రూట్ వాసన వేసింది. అప్పుడు మేము విజయవాడ పటమటలో ఉండేవాళ్లం. నేను ఐదో తరగతి చదువుతున్నాను. అమ్మకు రక్తం తక్కువైందని, రోజూ ఒక గ్లాసు బీట్‌రూట్ రసం తాగితే మళ్లీ పడుతుందని అమ్మమ్మ చెప్పింది. ఆ పని నేను చేస్తానని పట్టుబట్టాను. బడి నుంచి రాగానే పీట వేసుకుని కూర్చుని, దుంపలు తురిమి, పలచటి గుడ్డలో వేసి పిండేదాన్ని. నా అరచేతులు చూసి బళ్లో పిల్లలు గోరింటాకు పెట్టుకున్నావా అని అడిగేవాళ్లు.

అమ్మ గ్లాసు అందుకుని, నా ముఖంలోకి చూస్తూ, అడుగంటా తాగేది. తాగడం అవగానే నేను అమ్మ కింది రెప్ప లాగి లోపల ఎర్రబడిందేమో చూసేదాన్ని. రోజూ తెల్లగానే ఉండేది. ఇంకా పెద్ద దుంపలు తెమ్మని నాన్నను వేధించేదాన్ని. నేను సరిగ్గా పిండడం లేదేమో, సగం బలం పిప్పిలోనే ఉండిపోతోందేమో అని రాత్రిళ్లు దిగులుపడేదాన్ని. అమ్మ తెల్లబడుతున్నకొద్దీ అది నా చేతకానితనమేనని నాకు గట్టిగా అనిపించేది.

నాన్నకు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. పొద్దున వెళితే చీకటిపడే వేళకు వచ్చేవారు. అన్నయ్య ఇంటర్ రెండో సంవత్సరం, ఊరి చివర ఒక కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. పరీక్షలు దగ్గర పడ్డాయని వాణ్ని ఇంటికి పంపేవాళ్లు కాదు, వాడికి ఇంటి సంగతులు చెప్పేవాళ్లూ లేరు. మమ్మల్ని చూసుకోవడానికి అమ్మమ్మ మచిలీపట్నం నుంచి వచ్చి ఉంది. ఇక మా పిన్ని, అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. పిన్ని డాక్టరే కానీ నాడి పట్టుకుని చూసే డాక్టరు కాదు. సూర్యారావుపేటలో ఒక ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని జనం రక్తం చూసి, ఏ జబ్బో చెప్పేది. మనుషుల్ని చూడకుండా వాళ్ల రక్తం మాత్రం చూసే డాక్టరేమిటని అమ్మమ్మ విసుక్కునేది.

అంతకుముందు వానాకాలంలో అమ్మను హైదరాబాదు తీసుకెళ్లారు. చెకప్ అన్నారు. చాలా రోజుల తర్వాత అమ్మ తిరిగొచ్చింది, తల మీద జుట్టు లేకుండా. తిరుపతి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చారని అమ్మమ్మ చెప్పింది. నేను నమ్మాను. నమ్మి, మరి లడ్డూ ఏదని అడిగాను. అమ్మమ్మ దొడ్లోకి వెళ్లిపోయింది. మర్నాడు నాన్న లడ్డూ తెచ్చి నా చేతిలో పెట్టారు. కొరికి చూస్తే పచ్చకర్పూరం వాసన లేదు. అది మామూలు మిఠాయి కొట్టు లడ్డూ. మా ఇంట్లో ఏదో దాస్తున్నారని నాకు మొదటిసారి తెలిసింది ఆ లడ్డూ వల్లనే. అయినా, అది ఏమిటని అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఒక శనివారం ఒంటిపూట బడి అయింది. ఇంటికొచ్చి దుంపలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ రోజు రెండు గ్లాసులు తియ్యాలని పంతం. తురుముతుంటే వేలి కణుపు తురుముపీటకు తగిలి చీరుకుపోయింది. రసమేదో నెత్తురేదో తెలియలేదు. నేను ఆపలేదు. అప్పుడే వచ్చిన పిన్ని గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“రెండు గ్లాసులిస్తే తొందరగా రక్తం పడుతుంది కదా పిన్నీ,” అన్నాను.

పిన్ని నా చెయ్యి కడిగి, గుడ్డపేలిక చుట్టి, “పద అమ్మలూ, నా ల్యాబు చూద్దువుగాని,” అంది. అమ్మమ్మ ఎందుకని అడుగుతూనే ఉంది. పిన్ని నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని బయల్దేరింది.

మధ్యాహ్నం కావడంతో ల్యాబులో ఎవరూ లేరు. పిన్ని నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టింది. చీరుకుపోయిన వేలిని కొంచెం నొక్కి, చుక్క నెత్తురు గాజు పలక మీదికి తీసి, ఇంకో పలక అంచుతో సన్నగా పూతలా లాగింది. దాని మీద రంగు పోసి, కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టింది. కన్ను ఆనించి చూస్తే ఇసక పోసినట్టు చిన్నచిన్న గులాబీ చుక్కలు. ఇంకా పెద్దగా చూస్తావా అంటూ పొడవాటి కటకం తిప్పింది. ఈసారి అంతా మసక. ఏమీ కనపడటం లేదన్నాను.

అప్పుడు పిన్ని ఒక చిన్న సీసా తీసింది. దేవదారు నూనె. ముందుగా అందులోంచి కొంచెం గాజు గొట్టంలో పోసి, గాజు కడ్డీ ఒకటి నా చేతికిచ్చి ముంచమంది. ముంచాను. నూనెలో మునిగినంత మేరా కడ్డీ మాయమైపోయింది! పైన నా వేళ్ల మధ్య సగం కడ్డీ ఉంది, కింద ఏమీ లేదు. పైకి తీస్తే ఉంది. మళ్లీ ముంచితే లేదు. నేను పకపకా నవ్వాను. అలా నవ్వి చాలా రోజులైంది. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగుతుందని పిన్ని చెప్పింది. అలా వంగడం వల్లనే, కొంత వెనక్కి తిరిగి మెరవడం వల్లనే గాజు మన కంటికి ఆనుతుంది. ఈ నూనెలో వెలుతురు నడక ఇంచుమించు గాజులో నడకలాగే ఉంటుంది. గాజెక్కడ అయిపోయిందో, నూనెక్కడ మొదలైందో దానికి తెలియదు. వంగకుండా తిన్నగా పోతుంది. అందుకే కడ్డీ కనపడదు. పలకకీ కటకానికీ మధ్య గాలి ఉంటే మనకు అందాల్సిన వెలుతురు చాలావరకు పక్కదారి పట్టిపోతుంది. అక్కడ ఒక్క చుక్క నూనె వేస్తే ఆ వెలుతురంతా కంటికి చేరుతుంది. ఇలా చెబుతూనే పిన్ని పలక మీద చుక్క వేసి, కటకాన్ని అందులో మునిగేదాకా దించింది.

చూడమంది. చూశాను. గుండ్రంగా, నడిమధ్యన కాస్త వెలిసినట్టుగా గులాబీరంగు కణాలు. ఎక్కడో ఒకచోట ఊదారంగు బొడిపెలున్న పెద్ద కణం. అవి నావి. ఎంతసేపు చూశానో తెలియదు. తల ఎత్తకుండానే, “అమ్మది కూడా చూపించు పిన్నీ,” అన్నాను.

కాసేపటికి సొరుగు తీసిన చప్పుడైంది. పిన్ని పలక మార్చి, నూనె చుక్క వేసి, పక్కకు జరిగింది.

అమ్మ రక్తంలో గులాబీ కణాలు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. మిగతా చోటంతా ఊదారంగు. పెద్దపెద్ద గుండ్రటి కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిండిపోయి ఉన్నాయి.

“ఇవన్నీ ఏంటి పిన్నీ?”

“ఎదగని కణాలమ్మా. ఎదక్కుండానే రక్తంలోకి వచ్చేశాయి. వాటికి పని చెయ్యడం రాదు. పని చేసేవాటిని పుట్టనివ్వవు.”

“బీట్‌రూట్ రసం తాగితే పోతాయా?”

“పోవు.”

“రోజూ రెండు గ్లాసులు తాగితే?”

“ఎన్ని తాగినా పోవు అమ్మలూ. హైదరాబాదులో ఇచ్చిన పెద్ద మందులకే పోలేదు. అమ్మకి జుట్టు ఊడింది ఆ మందులకే. నువ్వు రసం తియ్యడంలో ఏ లోపమూ లేదు. నువ్వు తీసినా, తియ్యకపోయినా ఇవి ఇట్లాగే ఉండేవి.”

అమ్మ చచ్చిపోతుందా అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పిన్ని స్టూలు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

“అవును. ఎప్పుడన్నది నాకు తెలీదు. ఎక్కువ రోజులు పట్టదనుకుంటున్నా.” తర్వాత మైక్రోస్కోపు వైపు తల తిప్పింది. “వానల్లో వీటిని మొదట చూసింది నేనేనే. రంగు సరిగ్గా పట్టలేదేమోనని ఇంకో పలక చేశా. అదీ ఇట్లాగే ఉంది. ఇంకోటి చేశా.”

నా ఒళ్లో తల పెట్టుకుని పిన్ని ఏడ్చింది. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. నేనూ ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, గుండె మీంచి ఏదో బరువు దిగినట్టు కూడా అనిపించింది. అమ్మకు రక్తం పట్టకపోవడం నా వల్ల కాదు.

ఇంటికి వచ్చాక సంగతి తెలిసి అమ్మమ్మ పిన్ని మీద విరుచుకుపడింది. “పసిదానితో చెప్పే మాటేనా అది? నీకు మనసెట్లా వచ్చిందే?” అంది. పిన్ని చెప్పులు విప్పుతూ, “రేపు దానికి తెలియకుండా ఉంటుందా అమ్మా? అప్పుడు మనందరం కలిసి అబద్ధమాడామని కూడా తెలుస్తుంది,” అంది. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది.

నేను ముందు వరండాలోకి వెళ్లాను. అమ్మ నీరెండలో మంచం మీద పడుకుని ఉంది. పక్కన చేరి పడుకున్నాను.

“ఇవాళ రసం లేదా?” అంది అమ్మ.

“లేదు. పిన్ని చూపించింది.”

అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. “నా రక్తమేనా?”

“ఊఁ.”

“ఎట్లా ఉందే?”

“ఊదారంగు. చాలా ఉన్నాయి. చూడ్డానికి బాగున్నాయి,” అన్నాను. అమ్మ నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

“నాకెవరూ చెప్పలేదమ్మా. చెప్పకపోయినా నాకు తెలుసు. వీళ్లు బాధపడతారని తెలియనట్టు ఉన్నా,” అని, “ఆ రసం మట్టి వాసనే. ఒక్క గుక్క కూడా సయించలేదు. నువ్వు చేస్తున్నావని తాగా,” అంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. తర్వాత ఏడ్చాం. ఆ సాయంత్రం పిన్ని, అమ్మ లోపలి గదిలో తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను ఏనాడూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత అమ్మ తనకు అన్నయ్యను చూడాలనుందని నాతో చెప్పింది. నాన్నతో అనలేకపోతోంది. చదువు పాడవుతుందంటారని భయం. నాన్న డ్యూటీ నుంచి వచ్చి గడపలో కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే నేను ఎదురుగా నిలబడ్డాను. “అన్నయ్యని తీసుకురా నాన్నా. అమ్మకి తగ్గదంట కదా. నాకు తెలుసు,” అన్నాను. నాన్న చేతిలో బూటు చేతిలోనే ఉంది. అన్ని రోజులూ మా ముందు నవ్వుముఖంతో తిరిగిన మనిషి, ఆ గడపలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. మర్నాడు సెలవు పెట్టి పిన్నిని తోడు తీసుకుని హాస్టల్‌కు వెళ్లారు. అన్నయ్య పెట్టె, పరుపు చుట్టతో సహా ఆటో దిగాడు. గుమ్మంలో అమ్మను చూసి గుర్తుపట్టలేక ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం అమ్మ కూడా చూసింది. “రారా, నేనే,” అంది.

ఆ తర్వాత మాకు మిగిలిన రోజుల్లో దాపరికం లేదు. అన్నయ్య అమ్మ మంచం పక్కనే చదువుకునేవాడు. అర్థం కాకపోయినా పైకి చదవమని అమ్మ వినేది. నాకు జడ అల్లుకోవడం నేర్పింది. మెడ వెనక చేతులు పెట్టుకుని కళ్లతో చూడకుండా ఎలా అల్లాలో, తన బోడితల మీద గాలిలో వేళ్లు ఆడించి చూపించేది. నేను పుట్టిన రోజు కృష్ణలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పింది. తన తర్వాత నాన్న కోప్పడితే ఏం చెయ్యాలో, అన్నయ్య అలిగితే ఎలా బుజ్జగించాలో చెప్పింది.

మాఘమాసంలో ఒక పొద్దున, పాలవాడు వచ్చి వెళ్లాక, మేమందరం చుట్టూ ఉండగా అమ్మ పోయింది.

కర్మలకు వచ్చిన చుట్టాలు నన్ను దగ్గరకు తీసుకుని, మీ అమ్మ ఎక్కడికీ పోలేదు, నీ పక్కనే ఉంది, కనపడదంతే అన్నారు. నాకు నూనెలో మాయమైన గాజు కడ్డీ గుర్తొచ్చింది. గంపెడాశతో పిన్ని దగ్గరకు పరిగెత్తి, అమ్మ కూడా అలాగే ఉందా అని అడిగాను. పిన్ని ఔనంటే నేను నమ్మేదాన్ని. ఆవిడకు అది తెలుసు. నన్ను ఒళ్లోకి లాక్కుని, “లేదమ్మలూ. కడ్డీ అందులోనే ఉంది, తీస్తే వస్తుంది. అమ్మ లేదు,” అంది. నేను ఆ రోజు గొంతెత్తి ఏడ్చాను. అమ్మ పోయినందుకు నేను నిజంగా ఏడ్చింది అప్పుడే.

ఆ ఏడు అన్నయ్యకు ర్యాంకు రాలేదు. మరుసటి ఏడు మళ్లీ రాశాడు. ఆ ఏడాది పోయిందని వాడు ఎన్నడూ అనగా వినలేదు.

ఇప్పటికీ అమ్మ లేని లోటు అలాగే ఉంది. కాలం మాన్పుతుందని అంటారు కానీ, నా విషయంలో పెద్దగా మాన్పలేదు. అయితే అమ్మతో ఒక్క అబద్ధమైనా ఆడకుండా గడిపిన కొన్ని రోజులు నాకున్నాయి. అవి లేకపోతే నా దగ్గర బీట్‌రూట్ రసం, మిఠాయి కొట్టు లడ్డూ మాత్రమే మిగిలేవి.

ఈమధ్య నాన్న మంచాన పడ్డారు. మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, తాతయ్యకి తగ్గుతుందా అమ్మా అని అడిగింది. తగ్గిపోతుందిలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొయ్యి ఆపేసి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తగ్గదు తల్లీ అని చెప్పాను. కాసేపు నా భుజం మీద ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, తాతయ్య గదిలోకి వెళ్లి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.